వారటాను కాదని వాటిల్‌కే పట్టం ఎందుకు కట్టారు? ఆస్ట్రేలియా జాతీయ పుష్పం మీద మీ అభిప్రాయాలు

సుమ_సిడ్నీ · ఆగస్టు 24, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. సెప్టెంబరు 1 దగ్గర పడుతోంది, మన జాతీయ పుష్పం వాటిల్ పేరు మీద జరిపే వాటిల్ డే. మా అబ్బాయి స్కూల్లో ఆ రోజు ఆకుపచ్చ, పసుపు బట్టలు వేసుకుని రమ్మన్నారు. వాడికి చెప్పడానికని కూర్చుంటే నాకే ఒక ప్రశ్న వచ్చింది.

సిడ్నీ దగ్గరి బ్లూ మౌంటెన్స్ కొండల్లో వారటా పూసినప్పుడు చూసినవాళ్ళకి తెలుస్తుంది, అది మామూలు పువ్వు కాదు. అడవంతా బూడిదరంగు పచ్చగా ఉంటే నిటారు కాడ మీద ఎర్రగా, ఒక్కొక్కటి 15 సెంటీమీటర్ల వెడల్పు వరకు ఉంటుంది. ఎంత దూరం నుంచైనా కంటపడుతుంది. మరి ఇంత పువ్వుని పక్కన పెట్టి, చిన్న చిన్న పసుపు బంతులు పూసే గోల్డెన్ వాటిల్‌ని దేశం మొత్తానికి గుర్తుగా ఎలా ఎంచుకున్నారు? ఎవరు ఎంచుకున్నారు? ఓటింగ్ ఏమైనా జరిగిందా? నా ఓటైతే వారటాకే. తెలిసినవాళ్ళు చెప్పండి.

---

కాన్‌బెర్రా_శ్రీను · ఆగస్టు 24, రాత్రి 10:40

సుమ గారూ, మంచి ప్రశ్న. ఈ పోటీ నిజంగానే జరిగింది, అదీ వందేళ్ళ క్రితం.

ముందు అధికారికంగా ఏం జరిగిందో చెప్తాను. గోల్డెన్ వాటిల్, శాస్త్రీయ నామం అకేషియా పిక్నాంతా, జాతీయ పుష్పంగా ప్రకటన అయింది 1988 సెప్టెంబరు 1న, ఇక్కడ కాన్‌బెర్రా నేషనల్ బొటానిక్ గార్డెన్స్‌లో. గవర్నర్ జనరల్ నినియన్ స్టీఫెన్ ఆగస్టులోనే సంతకం పెట్టారు. అప్పటి ప్రధాని బాబ్ హాక్ భార్య హేజెల్ హాక్ ఆ రోజు ఒక మొక్క నాటారు. దేశం మొత్తం ఒకే రోజు వాటిల్ డే జరపాలని నిర్ణయమైంది ఆ తర్వాత, 1992లో.

ఓటింగ్ జరగలేదు. కానీ 1988 నాటికి తేల్చాల్సింది కూడా ఏమీ మిగల్లేదు. దేశ రాజముద్రలో కంగారూ, ఈమూల వెనక వాటిల్ కొమ్మలు 1912 నుంచే ఉన్నాయి. 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం గౌను మీద ఆస్ట్రేలియా గుర్తుగా కుట్టింది వాటిల్ పువ్వునే. 1975లో మొదలైన ఆర్డర్ ఆఫ్ ఆస్ట్రేలియా పతకం చూడండి, అది వాటిల్ బంతి ఆకారమే. 1984లో ఆకుపచ్చ, బంగారు రంగుల్ని జాతీయ రంగులుగా ప్రకటించారు. అంటే జనం ఎప్పుడో ఖాయం చేసుకున్నదాని మీద ప్రభుత్వం 76 ఏళ్ళకి ముద్ర వేసింది.

ఇక జనం ఎలా ఖాయం చేసుకున్నారంటే, అది 1890 ప్రాంతంలో అడిలైడ్‌లో మొదలైంది. అక్కడ వాటిల్ బ్లాసమ్ లీగ్ అని ఒక సంఘం పెట్టారు. 1899లో మెల్‌బోర్న్‌లో ఆర్చిబాల్డ్ క్యాంప్‌బెల్ అనే పక్షిశాస్త్రవేత్త వాటిల్ క్లబ్ పెట్టి, వాటిల్ పూసే రోజుల్లో జనాన్ని అడవికి తీసుకెళ్ళేవాడు. 1910 సెప్టెంబరు 1న సిడ్నీ, మెల్‌బోర్న్, అడిలైడ్ మూడు నగరాల్లోనూ మొదటి వాటిల్ డే జరిగింది. అప్పటికి ఆరు కాలనీలు కలిసి ఒక దేశమై పదేళ్ళు కూడా నిండలేదు. అందరికీ చెందిన గుర్తు ఏదో ఒకటి కావాలి. పూల రెమ్మ కోటుకి గుచ్చుకోవడానికి రాజు అక్కర్లేదు, చట్టం అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు.

వారటా తరఫున వాదించినవాళ్ళూ గట్టివాళ్ళే. సిడ్నీ టెక్నలాజికల్ మ్యూజియం క్యూరేటర్ ఆర్.టి. బేకర్ వాళ్ళలో ముఖ్యుడు. అకేషియాలు ఆఫ్రికాలోనూ, అమెరికాలోనూ ఉన్నాయి, వారటా జాతి మాత్రం ఆస్ట్రేలియాలో తప్ప ఎక్కడా లేదు కదా అని ఆయన వాదన. శాస్త్రపరంగా ఆయన మాటే నిజం. అయినా ఓడిపోయాడు. వారటా తూర్పు తీరపు కొండల్లో, టాస్మేనియాలో మాత్రమే కనిపిస్తుంది. ఏదో ఒక రకం వాటిల్ మాత్రం దేశంలో ఏ మూలకి వెళ్ళినా ఉంటుంది. 1962లో వారటాని న్యూసౌత్‌వేల్స్ రాష్ట్ర పుష్పం చేశారు. కాబట్టి మీ ఓటు మరీ వృథా కాలేదండీ.

---

పెర్త్_ప్రసాద్ · ఆగస్టు 25, ఉదయం 7:05

శ్రీను గారూ, అంతా బాగుంది కానీ మీరు ఒకటి దాటేశారు. 'ఏదో ఒక రకం వాటిల్' వేరు, 'గోల్డెన్ వాటిల్' వేరు. జాతీయ పుష్పంగా ప్రకటించింది రెండోదాన్ని. అది సహజంగా పెరిగేది సౌత్ ఆస్ట్రేలియా దక్షిణ భాగం, విక్టోరియా, దక్షిణ న్యూసౌత్‌వేల్స్, కాన్‌బెర్రా చుట్టుపక్కల. అంతే. మా వెస్ట్రన్ ఆస్ట్రేలియా అడవుల్లో అది బయటి మొక్క, ఇక్కడ దాన్ని కలుపు కింద పీకేస్తారు. క్వీన్స్‌లాండ్, టాస్మేనియా, నార్తర్న్ టెరిటరీల్లోనూ దాని సొంత నేల లేదు. దేశంలో సగానికి పైగా పరాయి మొక్క అయినదాన్ని జాతీయ పుష్పం అనడం నాకు మింగుడు పడదు. మా రాష్ట్ర పుష్పం కంగారూ పా. దాని ముందు ఈ పసుపు బంతులు ఏపాటివి?

---

అడిలైడ్_తోట · ఆగస్టు 25, ఉదయం 8:30

ప్రసాద్ అన్నయ్యా, కంగారూ పా అందం గురించి నాకు పేచీ లేదు. కానీ వాటిల్‌ని 'పసుపు బంతులు' అని తీసిపారేయకండి, దయచేసి ఒకసారి దగ్గరగా చూడండి.

ఒక్కో బంతి ఒక పువ్వు కాదు. అందులో 40 నుంచి 100 దాకా చిన్న పూలు ఉంటాయి. ఒక్కోదానికి కంటికి ఆనీ ఆనని ఐదు రేకులు. మనకి కనిపించే పసుపు రేకులది కాదు, కేసరాలది. అవే బయటికి నిక్కి ఆ నూగులాంటి మెత్తదనం ఇస్తాయి.

ఇంకోటి. ఆ చెట్టుకి మనం ఆకులు అనుకునేవి ఆకులు కావు. పెద్ద చెట్టుకి అసలు ఆకులే ఉండవు. ఆకుకాడలే వెడల్పై, కొడవలిలా వంగి, ఆకుల పని చేస్తాయి. నమ్మకపోతే విత్తనం వేసి చూడండి. మొలక మొదట చింతాకులాంటి నిజమైన ఆకులే వేస్తుంది. తర్వాత వచ్చే ఆకులకి కాడ కాస్త పలచబడి రెక్కలా సాగుతుంది, కొసన మాత్రం ఇంకా ఆ చిన్న ఆకులు వేలాడుతూ ఉంటాయి. ఇంకా పైకి వెళ్తే ఆకులు మాయం, కాడ ఒక్కటే మిగులుతుంది. ఇదంతా ఒకే మొక్క మీద కింద నుంచి పైకి వరుసగా కనిపిస్తుంది. మా కుండీలో మొలకని మా పాప రోజూ భూతద్దం పెట్టి చూసేది.

ఆ కాడ మొదట్లో చిన్న గ్రంథి ఉంటుంది, తేనె అందులో ఊరుతుంది. పువ్వులో తేనె లేదు! థార్న్‌బిల్, సిల్వర్‌ఐ లాంటి చిన్న పిట్టలు ఆ గ్రంథి కోసం వచ్చి, పక్కనున్న పూలకి రాసుకుని, పుప్పొడి ఇంకో చెట్టుకి మోసుకెళ్తాయి. తన పుప్పొడితో తాను కాయ కట్టదు కాబట్టి ఆ చెట్టుకి ఈ పిట్టలూ, పురుగులూ చాలా అవసరం.

---

వెంకట్రావు_బెండిగో · ఆగస్టు 25, ఉదయం 11:20

అమ్మా అడిలైడ్ తోటా, చాలా బాగా రాశావు తల్లీ. నేను మా అబ్బాయి దగ్గర ఉండటానికి బెండిగో వచ్చాను, రోజూ నడకకి వెళ్ళే దారంతా ఈ పూలే. మొదటి రోజు చూడగానే మన తుమ్మ పువ్వు గుర్తొచ్చింది. అదే బంతి, అదే పసుపు. దీనికి ముళ్ళు మాత్రం లేవు. తుమ్మకీ దీనికీ చుట్టరికం ఏమైనా ఉందా?

---

కాన్‌బెర్రా_శ్రీను · ఆగస్టు 25, మధ్యాహ్నం 1:15

ఉందండీ బాబాయి గారూ, ఉండటమే కాదు, దాని మీద పెద్ద గొడవే జరిగింది. నల్లతుమ్మ, గోల్డెన్ వాటిల్ రెండూ ఒకప్పుడు అకేషియా ప్రజాతిలోనే (దగ్గరి చుట్టాలైన మొక్కల గుంపు) ఉండేవి. ఆ ప్రజాతికి ప్రామాణికంగా పెట్టుకున్న చెట్టు నల్లతుమ్మే. తర్వాత ఇది నిజానికి ఒక్క ప్రజాతి కాదు, విడదీయాలని తేలింది. నియమం ప్రకారం పాత పేరు తుమ్మ వైపుకే పోవాలి. అప్పుడు ఆస్ట్రేలియాలో ఉన్న సుమారు వెయ్యి రకాల వాటిల్‌లకి పేరు మార్చాలి, జాతీయ పుష్పంతో సహా. 2005లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభ ప్రామాణిక చెట్టునే మార్చి, అకేషియా అన్న పేరు ఆస్ట్రేలియా వాటిల్‌లకే ఉంచేసింది. ఆఫ్రికా వైపు శాస్త్రవేత్తలు గట్టిగా అభ్యంతరం చెప్పారు. 2011లో మెల్‌బోర్న్ సభలో మళ్ళీ చర్చకొచ్చినా అదే నిలిచింది. మన నల్లతుమ్మ ఇప్పుడు వాచెల్లియా నైలోటికా.

నా ఉద్దేశంలో వెయ్యి పేర్లు మార్చే తలనొప్పి తప్పించడం ఆచరణలో తెలివైన పనే, కానీ ఆఫ్రికావాళ్ళ బాధలోనూ న్యాయం ఉంది.

---

కేప్‌టౌన్_కిరణ్ · ఆగస్టు 25, సాయంత్రం 6:48

ఆఫ్రికా పేరు వచ్చింది కాబట్టి నేనూ రెండు మాటలు. ఈ థ్రెడ్‌లో అందరూ ఆస్ట్రేలియా నుంచి మాట్లాడుతున్నారు. ఇదే చెట్టు ఇక్కడికి వచ్చి ఏం చేసిందో కూడా తెలియాలి.

19వ శతాబ్దం మధ్యలో గోల్డెన్ వాటిల్‌ని ఇక్కడ దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతానికి తెచ్చారు. ఇసుక దిబ్బలు కదలకుండా ఆపడానికీ, బెరడు కోసమూ. ఆ బెరడులో టానిన్ చాలా ఎక్కువ, తోళ్ళు పదును చేయడానికి బాగా పనికొస్తుంది. ఇక్కడ దాన్ని తినే పురుగులు లేవు, ఆపే రోగం లేదు. విత్తనాలు నేలలో ఏళ్ళ తరబడి చెక్కు చెదరకుండా పడి ఉంటాయి, మంట తగలగానే ఒక్కసారిగా లేస్తాయి. ఫిన్‌బోస్ అని మా దగ్గర ఒక అపురూపమైన పొదల నేల ఉంది, ఆ మొక్కల్లో చాలావాటికి ప్రపంచంలో మరో చోటు లేదు. వాటిల్ అక్కడికి చొరబడి గుబురుగా కమ్మేసింది.

మా జాతీయ పుష్పం కింగ్ ప్రోటియా పెరిగేది ఆ ఫిన్‌బోస్‌లోనే. అంటే ఒక దేశపు జాతీయ పుష్పం ఇంకో దేశపు జాతీయ పుష్పం ఇంటిని ఆక్రమించింది. సుమ గారూ, మీ వారటా, మా ప్రోటియా ఒకే కుటుంబం. ఆ లెక్కన నేనూ మీ పక్షమే.

చివరికి మందు కూడా ఆస్ట్రేలియా నుంచే తెచ్చుకున్నారు. ట్రైకిలోగాస్టర్ అని చిన్న కందిరీగ జాతి ఉంది, అది వాటిల్ పూమొగ్గలో గుడ్లు పెడుతుంది. ఆ మొగ్గ పువ్వు కాకుండా గట్టి కాయలా ఉబ్బిపోతుంది. పువ్వు లేకపోతే విత్తనం లేదు. 1980లలో గోల్డెన్ వాటిల్ కోసం ప్రత్యేకంగా ఒక రకాన్ని తెచ్చి వదిలారు. మా దగ్గర కొండ మీద చెట్లకి పూలకంటే ఆ ఉబ్బులే ఎక్కువ కనిపిస్తాయి. నాకు అది చూసినప్పుడల్లా ఊపిరి పీల్చుకున్నట్టు ఉంటుంది.

---

అడిలైడ్_తోట · ఆగస్టు 25, రాత్రి 8:02

కిరణ్ గారూ, చదువుతుంటే బాధేసింది. కానీ చెట్టు తప్పేం లేదు కదండీ. తన చోట అది చేసే మేలు చాలా ఉంది. వేళ్ళలో బుడిపెలు ఉంటాయి, నత్రజనిని నేలలో చేరుస్తుంది. కార్చిచ్చు తర్వాత ముందుగా లేచి మిగతా మొక్కలకి నేల సిద్ధం చేస్తుంది. విత్తనానికి ఉండే కొవ్వు ముక్క కోసం చీమలు లాక్కెళ్ళి పుట్టలో దాస్తాయి, మంట నుంచి విత్తనం అలాగే బతుకుతుంది. ఇక్కడ బలం అయినదే అక్కడ ముప్పు అయింది.

---

కేప్‌టౌన్_కిరణ్ · ఆగస్టు 25, రాత్రి 8:30

నిజమే. చెట్టు మీద కోపం లేదు. తెచ్చినవాళ్ళ తొందరపాటు మీదే.

---

లత_జీలాంగ్ · ఆగస్టు 26, ఉదయం 6:55

అందరూ ఇంతలా పొగుడుతున్నారు, నాకు మాత్రం ఈ పూలంటే టెన్షన్. ఆగస్టు వచ్చి ఇవి పూయగానే తుమ్ములు, కళ్ళ దురద మొదలు. పక్కింటివాళ్ళ చెట్టు కొట్టించమని అడగాలా అని ఆలోచిస్తున్నా.

---

వైద్యమిత్ర · ఆగస్టు 26, ఉదయం 9:10

లత గారూ, అడగకండి, ముందు ఇది చదవండి. వాటిల్ పుప్పొడి బరువైనది. రేణువులు విడివిడిగా కాకుండా గుత్తులుగా అతుక్కుని ఉంటాయి, గాలిలో ఎక్కువ దూరం పోలేవు. అలెర్జీ ఎక్కువగా వచ్చేది గాలితో ఎగిరే సన్నని పుప్పొడి వల్ల. గడ్డి జాతులు, ముఖ్యంగా రైగ్రాస్, ఇంకా కొన్ని విదేశీ చెట్లు. అవి పూసినా మనకి కనిపించవు, అదే సమయంలో పసుపుగా మెరిసే వాటిల్ కంటపడుతుంది, నింద దాని మీద పడుతుంది. 2016 నవంబరు 21న మెల్‌బోర్న్‌లో ఉరుముల వానతో వేలమందికి ఉబ్బసం వచ్చి పదిమంది చనిపోయారు గుర్తుందా, అప్పుడు కారణం రైగ్రాసే.

కొద్దిమందికి వాటిల్ నిజంగా పడకపోవచ్చు. మీ జీపీని (ఫ్యామిలీ డాక్టర్‌ని) అడిగి స్కిన్ ప్రిక్ టెస్ట్ చేయించుకోండి. ఏది పడదో తేలిపోతుంది. ఉబ్బసం ఉంటే మాత్రం ఆలస్యం చేయొద్దు, ఇన్‌హేలర్ దగ్గర పెట్టుకోండి.

---

లత_జీలాంగ్ · ఆగస్టు 26, ఉదయం 9:40

థాంక్యూ డాక్టర్ గారూ. ఈ వారమే వెళ్తాను. చెట్టు జోలికి పోను.

---

పెర్త్_ప్రసాద్ · ఆగస్టు 26, మధ్యాహ్నం 12:25

శ్రీను గారూ, నా ప్రశ్నకి జవాబు రాలేదు. గోల్డెన్ వాటిల్ ఒక్కదాన్నే ఎందుకు? ఎలాగూ వెయ్యి రకాలున్నాయి, 'వాటిల్' అని వదిలేస్తే అన్ని రాష్ట్రాలూ కలిసేవి కదా.

---

కాన్‌బెర్రా_శ్రీను · ఆగస్టు 26, సాయంత్రం 5:50

ప్రసాద్ గారూ, మీ అభ్యంతరం న్యాయమైనదే. ప్రకటనలో ఒక నిర్దిష్టమైన మొక్క ఉండాలి కాబట్టి ఒకదాన్ని ఎంచారు, వాటిల్ డే పుట్టిన ప్రాంతాల్లో బాగా పూసేది ఇదే. కానీ ఆచరణలో ఎవరూ కొలతలు పెట్టుకుని చూడరు. రాజముద్రలో గీసిన కొమ్మలు కూడా అచ్చంగా గోల్డెన్ వాటిల్‌లా ఉండవు. సెప్టెంబరు 1న ఏ ఊళ్ళో ఏ వాటిల్ దొరికితే అదే పెట్టుకుంటారు.

నాకు ఈ పువ్వు విలువ అర్థమైంది పతకాల వల్లా, ముద్రల వల్లా కాదు. 1999 జులైలో స్విట్జర్లాండ్‌లో ఇంటర్‌లాకెన్ దగ్గర కొండవాగు ఒక్కసారిగా పొంగి 21 మంది చనిపోయారు, వాళ్ళలో 14 మంది ఆస్ట్రేలియా యువతీయువకులు. గవర్నర్ జనరల్ విలియం డీన్ వెళ్తూ కాన్‌బెర్రాలోని తన అధికార నివాసపు తోటలో పూసిన వాటిల్ రెమ్మలు 14 తీసుకెళ్ళారు. తల్లిదండ్రులతో కలిసి వాటిని ఆ వాగులో వదిలారు. ఇక్కడ అది చలికాలం, వాటిల్ అప్పుడే పూతకొచ్చింది. అంత దూరంలో బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్ళకి ఇంటిని గుర్తుచేయడానికి ఇంతకంటే ఏం తీసుకెళ్ళగలరు? మొదటి ప్రపంచ యుద్ధంలోనూ అంతే, ఇక్కడి ఇళ్ళ నుంచి సైనికులకి వెళ్ళిన ఉత్తరాల్లో ఎండిన వాటిల్ రెమ్మలు ఉండేవి. వీధుల్లో రెమ్మలూ బ్యాడ్జీలూ అమ్మి విరాళాలు పోగుచేసేవారు.

వారటా అందం ముందు నేను ఏమీ అనను. కానీ అది దూరం నుంచి చూసి మెచ్చుకునే పువ్వు. జనం సంతోషంలోనూ, దుఃఖంలోనూ చేతికి తీసుకున్నది వాటిల్‌నే.

---

వెంకట్రావు_బెండిగో · ఆగస్టు 26, రాత్రి 7:30

బాబూ శ్రీనూ, అది చదివి కాసేపు ఏమీ తోచలేదు. వాటిల్ ఇక్కడి ఆదివాసులకి ముందు నుంచీ తెలిసిన చెట్టే కదా? వాళ్ళ సంగతి ఎవరూ రాయలేదేం?

---

అడిలైడ్_తోట · ఆగస్టు 26, రాత్రి 8:15

నిజం బాబాయి గారూ, అసలు అదే ముందు రాయాల్సింది. రాజముద్రలు రాకముందు వేల ఏళ్ళుగా ఇది వాళ్ళ చెట్టు. గోల్డెన్ వాటిల్ బంకని నీళ్ళలో నానబెట్టి, తేనె కలిపి, తీపి తినుబండారంలా తినేవారు. ఇంకొన్ని వాటిల్ రకాల గింజల్ని వేయించి, నూరి, పిండి చేసుకునేవారు. ఇప్పుడు అదే వాటిల్‌సీడ్ పేరుతో సీసాల్లో అమ్ముతున్నారు, కాఫీ, హేజెల్‌నట్ కలిసిన వాసన. అన్ని రకాల గింజలూ తినదగినవి కావు, అడవిలో కోసి ప్రయోగాలు చేయకండి.

---

సుమ_సిడ్నీ · ఆగస్టు 26, రాత్రి 9:30

ఆదివాసుల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. జనవరి 26, బ్రిటిష్ వాళ్ళ ఓడలు ఇక్కడ దిగిన రోజు, ఆదివాసులకి దుఃఖదినం. ఆ రోజు జరిపే ఆస్ట్రేలియా డేని వాటిల్ డేకి మార్చాలనే ప్రతిపాదన ఉందని విన్నాను. నాకు మంచిదనే అనిపిస్తోంది. సెప్టెంబరు 1కి ఏ ఓడ దిగిన జ్ఞాపకమూ లేదు, నేలతోనే ముడిపడింది.

---

పెర్త్_ప్రసాద్ · ఆగస్టు 26, రాత్రి 9:52

తారీకు మార్చినంత మాత్రాన జరిగిన అన్యాయం మారిపోదండీ. వాళ్ళని అడగకుండా ఇంకో రోజు మనమే తేల్చేస్తే అదీ పాత పద్ధతే అవుతుంది.

---

నిర్వాహకులు · ఆగస్టు 26, రాత్రి 10:05

ఇద్దరి మాటల్లోనూ విషయం ఉంది, కానీ జనవరి 26 మీద వేరే థ్రెడ్ నడుస్తోంది, దయచేసి అక్కడ కొనసాగించండి. ఇక్కడ పువ్వు గురించే మాట్లాడుకుందాం.

---

సుమ_సిడ్నీ · ఆగస్టు 27, ఉదయం 7:20

సరేనండీ. మా వాడికి చెప్పడానికి బోలెడంత దొరికింది, అందరికీ ధన్యవాదాలు. అందంలో నా ఓటు ఇప్పటికీ వారటాకే, దేశానికి గుర్తుగా మాత్రం వాటిల్ ఎందుకు గెలిచిందో ఒప్పుకుంటున్నాను. ఒకటో తారీకున వాడి చొక్కాకి రెమ్మ పెట్టాలి. దగ్గర్లో నేషనల్ పార్క్ ఉంది, ఒక్క రెమ్మ తుంచుకోవచ్చా? ఇంట్లో పెంచాలంటే విత్తనం ఎలా వేయాలి?

---

అడిలైడ్_తోట · ఆగస్టు 27, ఉదయం 8:45

నేషనల్ పార్క్‌లో ఒక్క రెమ్మ కూడా తుంచకండి అక్కా, చట్టం ఒప్పుకోదు. తెలిసినవాళ్ళ పెరట్లో అడగండి, సంతోషంగా ఇస్తారు.

విత్తనం పెంకు చాలా గట్టిది, ఊరికే నాటితే మొలవదు. మరిగిన నీళ్ళు విత్తనాల మీద పోసి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి ఉబ్బినవాటిని ఏరి నాటండి, ఉబ్బనివాటికి మళ్ళీ వేడినీళ్ళు. నీళ్ళు నిలవని మట్టి ఉండాలి. మూడు నాలుగేళ్ళకి పూస్తుంది. ఒకటి ముందే చెప్తున్నా, దీని ఆయుష్షు తక్కువ, అడవిలోనే 15 నుంచి 30 ఏళ్ళు. అయితే గోల్డెన్ వాటిల్ సిడ్నీ చుట్టూ కూడా కలుపులా పాకుతోంది. కాబట్టి మీ కౌన్సిల్ నర్సరీలో స్థానికంగా పుట్టిన వాటిల్ ఏదో అడిగి అదే పెట్టుకోండి.

---

పెర్త్_ప్రసాద్ · ఆగస్టు 27, ఉదయం 10:30

ఇది నాకు నచ్చిన మాట. మా దగ్గర అకేషియా సాలిగ్నా సహజంగా పెరుగుతుంది, పసుపు పూలు, తొందరగా ఎదుగుతుంది. ఈసారి వాటిల్ డేకి దాన్నే నాటుతాను.

---

కేప్‌టౌన్_కిరణ్ · ఆగస్టు 27, సాయంత్రం 4:10

ప్రసాద్ గారూ, పెర్త్‌లో నిశ్చింతగా నాటండి, అది దాని సొంత నేల. ఇక్కడ దాన్ని పోర్ట్ జాక్సన్ అంటారు, కేప్‌లో మాకు గోల్డెన్ వాటిల్ కంటే పెద్ద బెడద అదే. దానికోసం 1987లో ఆస్ట్రేలియా నుంచి ఒక తుప్పు తెగులు శిలీంధ్రాన్ని తెచ్చి వదిలారు. సుమ గారూ, మీరు మాత్రం సాలిగ్నా కొనకండి, తూర్పు తీరంలో కూడా అది కలుపే.